మాంటూ వాచింది: టీకా పనా, టీబీ పనా?

మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి నిరుడు ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి ఎంపికైంది. చేరేముందు చేయించుకోవలసిన పరీక్షల్లో మాంటూ ఒకటి, అంటే టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరిందా అని చర్మం మీద చూసే పరీక్ష. ముంజేతి లోపలివైపు చర్మంలోకి సన్నటి సూదితో మందు ఎక్కించారు. మూడో రోజుకి అక్కడ ఎర్రబడి, తడిమితే గట్టిగా తగిలేంతగా వాచింది. రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఒక్క మాట రాసి ఇచ్చారు. ఎన్ని మిల్లీమీటర్లు వాచిందో రాయలేదు.

చీపురుపల్లి నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, దీనికి టీబీ అని రాసిచ్చేసారంట్రా. దగ్గు లేదు, జ్వరం లేదు. ఇప్పుడేటి చెయ్యాల?"

అప్పటికే వాళ్ళు ఇద్దరు డాక్టర్లను కలిశారు. ఒకరు, "చిన్నప్పుడు టీబీకి బీసీజీ టీకా వేశారు కదమ్మా, దానికే వాచింది, పట్టించుకోకండి" అన్నారు. ఇంకొకరు, "ఆలస్యం చెయ్యకండి, ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టేద్దాం" అన్నారు. ఒకే చేతిని చూసి ఒకరు ఏమీ లేదన్నారు, ఒకరు జబ్బే అన్నారు. ఇరవై ఏళ్ళుగా విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాంటూ వేయడం, కొలవడం నా చేతిమీద జరిగే పనే. ఈ రెండు మాటలూ వారానికి ఒకసారైనా నా చెవిన పడుతుంటాయి. రెండూ తప్పే. అవి ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ సూదిలో ఏముందో చూడాలి.

మాంటూ సూదిలో ఉండేది టీబీ సూక్ష్మజీవి కాదు. దాన్ని పెంచి, వేడితో చంపి, అందులోంచి తీసి శుద్ధి చేసిన ప్రొటీన్ల మిశ్రమం. ల్యాబుల్లో పీపీడీ అంటాం. దీనికి మూలం జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోక్ 1890లో టీబీకి మందు అనుకుని ప్రకటించిన ట్యూబర్‌క్యులిన్. మందుగా అది విఫలమైంది. అయితే టీబీ సూక్ష్మజీవి ఒంట్లో చేరినవాళ్ళ చర్మంలోకి దాన్ని పంపితే అక్కడ వాపు వస్తుందని తేలడంతో పరీక్షగా నిలబడింది. 1907లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే చర్మం గీరి దాన్ని రాసి చూశాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ వైద్యుడు షార్ల్ మాంటూ చర్మం పొరల్లోకి సూదితో ఎక్కించే పద్ధతి చెప్పాడు. మనం నేటికీ చేస్తున్నది అదే.

అదే 1908లో, అదే ఫ్రాన్స్‌లో, లిల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు పశువుల్లో క్షయ తెచ్చే సూక్ష్మజీవిని పైత్యరసం, గ్లిసరిన్ పట్టించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచడం మొదలుపెట్టారు. పాత ముక్క నుంచి కొత్త ముక్కకు మారుస్తూ 13 ఏళ్ళలో 230 సార్లు పెంచారు. ఆ సూక్ష్మజీవి బతికే ఉంది గానీ జబ్బు తెచ్చే శక్తి పోగొట్టుకుంది. 1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు దాన్ని టీకాగా తొలిసారి ఇచ్చారు. బీసీజీలో ‘సీజీ’ ఆ ఇద్దరి పేర్లే. మన దేశంలో 1948లో ఈ టీకా మొదలైనప్పుడు తొలి టీకాలు పడిన చోటు మన మదనపల్లె.

ఒకే ఏడాది మొదలైన ఈ పరీక్షా, ఈ టీకా వందేళ్ళకు పైగా ఒకదానికొకటి అడ్డుపడుతూనే ఉన్నాయి. కారణం చుట్టరికం. టీకాలో ఉన్నదీ, మనుషులకు క్షయ తెచ్చేదీ దగ్గరి జ్ఞాతులు. ఒంట్లో ఉండే ప్రొటీన్లలో చాలాభాగం రెండింటికీ ఒకటే.

మన పల్లెల్లో ఒక్కో ఊళ్ళో సగం గడపలకు ఒకే ఇంటిపేరు ఉంటుంది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ నాలుగు వీధుల మొగలో నిలబడి ఇంటిపేరు ఒక్కటీ పెట్టి పిలిస్తే పదిమంది బయటికి వస్తారు. ఉత్తరం ఎవరిదో తేలదు. మాంటూ పరీక్ష చేసేది అదే. పీపీడీ మన రోగనిరోధక కణాలను ఇంటిపేరు పెట్టి అడుగుతుంది: "ఈ కుటుంబంవాళ్ళు ఎవరైనా మీకు తెలుసా?" టీబీ సూక్ష్మజీవిని ఇదివరకు చూసిన కణాలు తెలుసంటాయి, సూది పడిన చోటికి చేరతాయి, చర్మం గట్టిపడుతుంది. బీసీజీని మాత్రమే చూసిన కణాలు కూడా తెలుసనే అనవచ్చు. మట్టిలో, నీళ్ళలో ఇదే కుటుంబానికి చెందిన, మనకు అంతగా హానిచేయని సూక్ష్మజీవులు ఉంటాయి. మనలాంటి వేడి, తేమ ఉన్న చోట్ల అవి ఎక్కువ. వాటిని ఎరిగిన కణాలూ కొద్దిగా స్పందిస్తాయి.

కనుక "బీసీజీ వల్ల మాంటూ వాచవచ్చు" అన్నది నిజం. మొదటి డాక్టరు చెప్పిన మాటలో తప్పు అది కాదు. వాచవచ్చు అన్నదాన్ని వాచింది అని తేల్చేయడం తప్పు.

ఎప్పుడు వేశారు, ఎన్నేళ్ళయింది

టీకా వేసిన కొన్ని వారాలకు కణాల జ్ఞాపకం బాగా తాజాగా ఉంటుంది. అప్పుడు మాంటూ చేస్తే వాచే అవకాశం ఎక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జ్ఞాపకం మసకబారుతుంది. ఎంత త్వరగా మసకబారుతుంది అన్నది టీకా ఏ వయసులో వేశారన్నదాని మీద ఉంటుంది. పుట్టిన కొత్తల్లో వేస్తే త్వరగా, పెద్దయ్యాక వేస్తే ఆలస్యంగా.

దీనికి లెక్కలు ఉన్నాయి. ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో వచ్చింది. పసితనంలో బీసీజీ వేయించుకున్న 2,40,000 మందికి పైగా అందులో లెక్కకు వచ్చారు. వాళ్ళలో బీసీజీ కారణంగా మాంటూ 10 మిల్లీమీటర్లు దాటినవాళ్ళు నూటికి పదిమందిలోపే. టీకా వేసి పదేళ్ళు దాటాక పరీక్షించినవాళ్ళను మాత్రమే చూస్తే ఆ సంఖ్య నూటికి ఒక్కరు. ఏడాది వయసు దాటాక టీకా వేయించుకున్నవాళ్ళ సంగతి వేరు: నూటికి 42 మందికి టీకా వల్లే 10 మిల్లీమీటర్లు దాటింది, పదేళ్ళ తర్వాత కూడా 21 మందికి దాటుతూనే ఉంది.

నూటికి ఒక్కరు అన్న మాటను మన నేలమీద పెట్టి చూడండి. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ టీబీ సర్వేలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 31 మంది ఒంట్లో టీబీ సూక్ష్మజీవి చేరినట్టు రక్తపరీక్షలో తేలింది. పసితనంలో టీకా వేయించుకున్న వందమంది పెద్దవాళ్ళకు మా జిల్లాలోని డెంకాడలో మాంటూ చేశామనుకుందాం. మోటుగా లెక్క వేస్తే 31 మందికి నిజమైన ఇన్ఫెక్షన్ వల్ల వాచుతుంది, ఒకరికి టీకా వల్ల వాచుతుంది. అంటే వాచిన 32 మందిలో టీకా మీద నెపం పెట్టదగినవాడు ఒక్కడు. కుర్రవయసులో ఇన్ఫెక్షన్ ఇంతకంటే తక్కువ ఉంటుంది, మట్టి సూక్ష్మజీవుల వాటా కొంత ఉంటుంది. అవన్నీ తీసేసినా తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది.

ఇదే పరీక్ష టీబీ చాలా అరుదైన దేశంలో చేస్తే? అక్కడ వందమందిలో ఇద్దరికే ఇన్ఫెక్షన్ ఉందనుకుంటే, వాచిన ముగ్గురిలో ఒకరు టీకా వల్ల వాచినవారే. డెంకాడలో 12 మిల్లీమీటర్లకూ డెన్మార్క్‌లో 12 మిల్లీమీటర్లకూ అర్థం ఒకటి కాదు. విదేశీ వెబ్‌సైట్లలో "బీసీజీ వేయించుకున్నవారికి తప్పుడు పాజిటివ్ సాధారణం" అని చదివి మనవాళ్ళు ఊరట పొందడం చూసినప్పుడల్లా నాకు గుబులుగా ఉంటుంది. ఆ వాక్యం రాసినవాళ్ళ ఊళ్ళో పక్కింట్లో టీబీ ఉండదు. మన ఊళ్ళో ఉంటుంది.

మేనకోడలు ఆ సాయంత్రమే పాసింజరు రైల్లో విజయనగరం వచ్చింది. ముందు కొలిచాను. ఎరుపు లెక్కలోకి రాదు, గట్టిపడిన మేరనే కొలవాలి. బాల్‌పెన్నుతో బయటినుంచి వాపువైపు గీత గీసుకుంటూ వస్తే గట్టిదనం తగిలినచోట పెన్ను ఆగుతుంది. అటూ ఇటూ అలా గుర్తుపెట్టి, చేతికి అడ్డంగా ఆ రెండు గుర్తుల మధ్య స్కేలుతో కొలవాలి. 13 మిల్లీమీటర్లు. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్ళకు మన దేశంలో 10 నుంచి పాజిటివ్‌గా తీసుకుంటాం, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు 5 నుంచే. అంకె లేకుండా ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అని మాత్రమే రాసిన మాంటూ రిపోర్టు సగం రిపోర్టే. అంకె వేయమని అడగండి. అడిగే హక్కు మీకుంది, రాయాల్సిన బాధ్యత మాది.

తర్వాత టీకాల కార్డు తెప్పించాను. ఘోషా ఆసుపత్రిలో పుట్టింది, రెండో రోజున ఎడమ జబ్బకు బీసీజీ. ఇప్పుడు 22 ఏళ్ళు. అంటే టీకా జ్ఞాపకం మీద నెపం వేయడానికి దాదాపు చోటు లేదు. ఆఖరున, అందరికంటే ముందు ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "నీ దగ్గర్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అమ్మా?" కాసేపు ఆలోచించి చెప్పింది. "మూడో ఏడాదిలో హాస్టల్లో మా రూమ్మేట్ ఆరు నెలలు మందులు వాడింది మామయ్యా. అదీ కాక చెస్ట్ వార్డులో డ్యూటీలు చేశాం." ఇద్దరు డాక్టర్లలో ఒక్కరూ ఈ ప్రశ్న వేయలేదు.

జబ్బ మీద మచ్చ గురించి ఇక్కడే ఒక మాట. మచ్చ ఉంటే బీసీజీ వేశారని తెలుస్తుంది, అంతవరకే. మచ్చ పెద్దదైతే రక్షణ ఎక్కువ అని లేదు. మచ్చ పడకపోతే టీకా పనిచేయలేదనీ కాదు, మళ్ళీ వేయనక్కర్లేదు. యాభై దాటినవాళ్ళ జబ్బల మీద కనబడే పెద్ద పెద్ద అచ్చులు చాలావరకు మశూచికం టీకావి. వాటికీ మాంటూకీ ఏ సంబంధమూ లేదు. "నాకు రెండు అచ్చులున్నాయి బాబూ, నాకేం రాదు" అన్న మాట పెద్దవాళ్ళ నోట ఎన్నోసార్లు విన్నాను.

అసలు బీసీజీ దేన్నుంచి కాపాడుతుందన్నదీ మనవాళ్ళకు సరిగా చేరలేదు. పసిపిల్లల్లో టీబీ మెదడు పొరలకు పాకకుండా, ఒళ్ళంతా చిమ్మకుండా అది బాగా కాపాడుతుంది. ఆ ఒక్క కారణానికే ప్రతి బిడ్డకూ వేయించాలి. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టీబీని ఆపే విషయంలో మాత్రం దాని బలం తక్కువ. 1968లో మన పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలో దాదాపు 2,60,000 మందితో పెద్ద అధ్యయనం మొదలుపెట్టి 15 ఏళ్ళు వెంట ఉండి చూశారు. పెద్దల్లో రక్షణ కనబడలేదు. కాబట్టి ‘టీకా వేశారు కనుక ఇది టీబీ ఇన్ఫెక్షన్ కాదు’ అన్న వాదన మొదటి మెట్టులోనే జారిపోతుంది. టీకా వేసుకున్న మనిషికీ ఇన్ఫెక్షన్ వస్తుంది. అప్పుడు వాపుకు కారణం ఆ ఇన్ఫెక్షనే.

పూర్తి పేరు పెట్టి పిలిచే పరీక్షలు

ఇంటిపేరుతో తేలనప్పుడు పూర్తి పేరు పెట్టి పిలవాలి. ఆ పేరు 1996లో దొరికింది. కాల్మెట్, గెరాన్ 13 ఏళ్ళపాటు బంగాళాదుంప మీద పెంచినప్పుడు ఆ సూక్ష్మజీవి తన జన్యువుల్లో ఒక ముక్కను పోగొట్టుకుందని, ప్రపంచంలోని బీసీజీ రకాలన్నింటిలో ఆ ముక్క లేదని, జబ్బు తెచ్చే టీబీ సూక్ష్మజీవిలో మాత్రం ఉందని తేలింది. ఆ ముక్క తయారుచేసే రెండు ప్రొటీన్లు ఈసాట్-6, సీఎఫ్‌పీ-10. టీకా ఎన్నిసార్లు వేసినా ఒంట్లోని కణాలకు ఈ రెండూ పరిచయం కావు. అసలు టీబీ సూక్ష్మజీవి లోపలికి వస్తేనే తెలుస్తాయి. మట్టి, నీటి సూక్ష్మజీవుల్లో కూడా ఏ కొన్నింటికో తప్ప ఇవి ఉండవు.

ఈ ప్రొటీన్ల మీద కట్టినదే ఇగ్రా రక్తపరీక్ష. మన ఊళ్ళల్లో ‘టీబీ గోల్డ్’ అంటే తెలుస్తుంది. రక్తాన్ని ఆ ప్రొటీన్లతో కలిపి ఒంటి వేడిలో 16 నుంచి 24 గంటలు ఉంచుతారు. ఎరిగిన కణాలుంటే ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి. దాన్ని కొలుస్తారు. బీసీజీ వేసినా వేయకపోయినా ఫలితం మారదు. రెండోసారి చెయ్యి చూపించడానికి రానక్కర్లేదు, ఇది ఇంకో సౌకర్యం. ఇబ్బంది డబ్బుతో, దూరంతో. శ్రీకాకుళం, విజయనగరం ల్యాబులు చాలావరకు ఈ రక్తాన్ని విశాఖకో హైదరాబాదుకో పంపుతాయి. బాగా వాడుకలో ఉన్న కిట్టు అయితే రక్తం తీసిన 16 గంటల్లోపు ఆ వెచ్చటి పెట్టెలోకి చేరాలి, లేదా ఇక్కడే వెచ్చబెట్టి పంపాలి. ఇందులో తేడా వస్తే లోపలి కణాలు నీరసపడి ‘తేల్చలేకపోయాం’ అని రిపోర్టు వస్తుంది. అది నెగెటివ్ కాదు. కొందరు దాన్ని నెగెటివ్ అనుకుని ఫైల్లో పెట్టేసుకుంటారు. రక్తం ఇచ్చేముందు "ఎప్పుడు పంపుతారు, ఎక్కడ వెచ్చబెడతారు" అని అడగడం మొహమాటపడాల్సిన సంగతి కాదు.

మరొకటి సై-టీబీ. మాంటూలాగే ముంజేతికి వేసే సూది, 48 నుంచి 72 గంటల మధ్య కొలవడం కూడా అలాగే. సూదిలో మాత్రం పీపీడీకి బదులు ఆ రెండు ప్రొటీన్లే ఉంటాయి. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దీనికి మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ ఏడాదే ఇలాంటి సూదులను వాడవచ్చంది. 5 మిల్లీమీటర్ల నుంచి పాజిటివ్, టీకా చరిత్రతో పనిలేదు. ఖర్చు మాంటూది, నికరం ఇగ్రాది అన్నమాట. మా పనివాళ్ళకు కొత్త నైపుణ్యం నేర్పాల్సిన అవసరమూ లేదు. మన జిల్లాల ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఇది చేరాలని నా కోరిక.

ఈ తేడా ఇప్పుడు ఇంకా అవసరం అవుతోంది. 2024లో పెద్దవాళ్ళకు బీసీజీ వేసి చూసే కార్యక్రమం దేశంలో చాలా చోట్ల మొదలైంది. 60 దాటినవాళ్ళు, ఇదివరకు టీబీ వచ్చి తగ్గినవాళ్ళు, ఇంట్లో టీబీ రోగి ఉన్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, బాగా బక్కగా ఉన్నవాళ్ళు అందులోకి వస్తారు. పెద్దయ్యాక వేసిన బీసీజీ మాంటూను ఏళ్ళ తరబడి కలగాపులగం చేస్తుందని పైన చెప్పుకున్నాం. మీ ఇంట్లో ఎవరైనా ఆ టీకా వేయించుకుని ఉంటే తేదీ రాసిపెట్టుకోండి. ముందు ముందు ఎప్పుడైనా పరీక్ష అవసరమైతే ఆ సంగతి ముందే చెప్పి, మాంటూకు బదులు ఇగ్రా గానీ సై-టీబీ గానీ అడగండి. ఇన్నాళ్ళూ పెద్దగా చెల్లని ‘టీకా వల్ల’ అన్న మాట ఇలాంటివాళ్ళ విషయంలో నిజంగా చెల్లుతుంది.

పాజిటివ్ అంటే జబ్బు కాదు

ఇప్పుడు రెండో డాక్టరు మాట. మాంటూ అయినా, ఇగ్రా అయినా, సై-టీబీ అయినా చెప్పేది ఒక్కటే: సూక్ష్మజీవి ఒంట్లోకి ఎప్పుడో వచ్చింది, కణాలకు తెలుసు. అది నిద్రపోతోందా, లేచి ఊపిరితిత్తులను తింటోందా అన్నది వీటిలో ఏదీ చెప్పదు. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళలో జీవితకాలంలో జబ్బు బయటపడేది నూటికి 5 నుంచి 10 మందికి. మిగతావాళ్ళలో ఆ సూక్ష్మజీవి అలాగే పడుకుని ఉంటుంది. నిద్రలో ఉన్న టీబీ ఇంకొకరికి అంటదు. ఈ ఒక్క ముక్క తెలియక పెళ్ళి సంబంధాలు వెనక్కి పోయిన ఇళ్ళున్నాయి.

జబ్బు ఉందో లేదో తేల్చేవి వేరు. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, కళ్లెలో సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే ట్రూనాట్ లేదా సీబీనాట్. వీటిలో వెతికేది సూక్ష్మజీవినే, దాని జన్యుపదార్థాన్నే, లేదా అది చేసిన గాయాన్ని. బీసీజీ వేయడం వల్ల కళ్లెలో సూక్ష్మజీవి కనబడదు, ఎక్స్‌రేలో మచ్చ రాదు. "టీకా వల్ల ట్రూనాట్ పాజిటివ్ వచ్చిందేమో" అని ఎవరైనా అంటే వినకండి, ఆ రోజే మందులు మొదలుపెట్టండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే మాంటూ దగ్గర ఆగిపోకుండా నేరుగా కళ్లె పరీక్షకు వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. జబ్బు తేలితే మందులూ ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి.

రక్తంలో టీబీ యాంటీబాడీలు చూస్తామంటూ ఐజీజీ, ఐజీఎం పేర్లతో ఒకప్పుడు పరీక్షలు చేసేవారు. ఉన్నవాళ్ళకు లేదని, లేనివాళ్ళకు ఉందని చెప్పేవి. 2012లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. అలాంటి కాగితం ఎవరైనా చేతిలో పెడితే దాన్నిబట్టి ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు.

మేనకోడలికి ఎక్స్‌రే తీయించాం, శుభ్రంగా ఉంది. దగ్గు లేదు, కళ్లె లేదు. ఇగ్రా పాజిటివ్ వచ్చింది. అంటే టీకా నెపం పోయింది, జబ్బు భయమూ పోయింది, మిగిలింది నిద్రలో ఉన్న ఇన్ఫెక్షన్. దానికి ఆరు నెలల నాలుగు మందుల కోర్సు అక్కర్లేదు. అది నిద్ర లేవకుండా నివారణ మందులు చాలు. వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు వేసుకుంది. మా అక్క క్యాలెండరు మీద ప్రతి ఆదివారం సున్నా చుట్టింది.

పసిపిల్లల దగ్గరకు వచ్చేసరికి ఈ చర్చంతా పక్కన పెట్టాలి. ఇంట్లో తాతకో నాన్నకో కళ్లెలో టీబీ తేలింది, ఐదేళ్ళలోపు బిడ్డ ఉంది. పుట్టినప్పుడు బీసీజీ వేసి ఐదేళ్ళు కూడా కాలేదు కనుక మాంటూ వాచినా ఎటూ తేల్చలేం. వాచకపోయినా నమ్మలేం, ఎందుకంటే సూక్ష్మజీవి చేరాక పరీక్షలో బయటపడడానికి 2 నుంచి 8 వారాలు పడుతుంది. మన జాతీయ పద్ధతి ఈ చిక్కును సూటిగా తెంచింది. ఆ బిడ్డకు జబ్బు లేదని డాక్టరు చూసి నిర్ధారించుకున్నాక, మాంటూ ఏమన్నా సరే, నివారణ మందులు ఇవ్వాలి. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, "టీకా ఏయించినాం కదా బాబూ, గుంటకి మందులెందుకు" అని వెనక్కి వెళ్ళబోయింది. ఆమెను కూర్చోబెట్టి మాట్లాడాను. చిన్నపిల్లల్లో సూక్ష్మజీవి నిద్రపోయే అవకాశం తక్కువ, మెదడుకు పాకే ప్రమాదం ఎక్కువ. టీకా ఒక గోడ, మందు రెండో గోడ.

టీకాలకూ మాంటూకీ మధ్య ఇంకో లంకె ఉంది, అది తలకిందులుగా పనిచేస్తుంది. తట్టు టీకా వేసిన కొన్ని వారాలపాటు మాంటూ వాచాల్సినవాళ్ళకు కూడా వాచకపోవచ్చు. మన పిల్లలకు తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా 9 నెలలు దాటాక ఒకటి, 16 నెలలు దాటాక ఒకటి పడతాయి. మాంటూ అవసరమైతే ఆ టీకా వేసిన రోజే వేయాలి, లేదంటే 4 నుంచి 6 వారాలు ఆగాలి.

తలకిందుల సంగతి అనుకున్నప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస పల్లెల్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్న ఇళ్ళు ఎన్నో. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చింది ఆ కష్టం వల్లే. కిడ్నీలు పాడైనవాళ్ళకు టీబీ ముప్పు మామూలువాళ్ళ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అదే సమయంలో వాళ్ళ రోగనిరోధక కణాలు మందగించి ఉంటాయి, పిలిచినా పలకవు. మాంటూ వాచదు. ఇక్కడ తప్పుడు పాజిటివ్ గొడవే లేదు, తప్పుడు నెగెటివ్ గొడవ. డయాలసిస్ రోగికి మాంటూ నెగెటివ్ వచ్చిందని ధైర్యంగా ఉండిపోవడం, మేనకోడలి వాపును టీకా మీదికి తోసేయడం కంటే ప్రమాదం. ఇలాంటివాళ్ళలో ఇగ్రా కొంత మెరుగు, అదీ పూర్తిగా కాదు. జ్వరం, బరువు, దగ్గు, ఎక్స్‌రే ఇవే కళ్ళు. టెక్కలి గ్రానైటు క్వారీల్లో రాతిదుమ్ము పీల్చినవాళ్ళు కూడా ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళే. వాళ్ళకు ఏళ్ళ దగ్గు ఎలాగూ ఉంటుంది కనుక కొత్త దగ్గును ఎవరూ పట్టించుకోరు. డయాలసిస్ వాళ్ళూ, రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన సిలికోసిస్ వాళ్ళూ ఇద్దరూ నివారణ మందుల జాతీయ జాబితాలో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు ఆ సంగతి చేరాలి.

నర్సింగ్, మెడికల్ పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చిన్నప్పటి బీసీజీ జ్ఞాపకం మసకబారాక మొదటి మాంటూ నెగెటివ్ రావచ్చు. కానీ ఆ సూదే నిద్రపోతున్న కణాలను తట్టి లేపుతుంది. మరుసటి ఏడాది మళ్ళీ మాంటూ వేస్తే వాచుతుంది. ఈ మధ్యలో కొత్తగా టీబీ సోకిందని కంగారుపడతారు. అందుకని ఏటా పరీక్షించే చోట మొదటిసారి నెగెటివ్ వచ్చినవాళ్ళకు ఒకటి నుంచి మూడు వారాల్లోపు రెండోసారి వేసి చూస్తారు. అప్పుడు వాచితే అది పాత జ్ఞాపకం. రెండుసార్లూ వాచక ఏడాది తర్వాత వాచితే అది కొత్త ఇన్ఫెక్షన్.

మందులు పూర్తిచేసినా మాంటూ, ఇగ్రా పాజిటివ్‌గానే ఉండిపోతాయి. కణాల జ్ఞాపకాన్ని మందులు చెరపవు. ఒకసారి నిక్కచ్చిగా పాజిటివ్ తేలినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేయించుకుంటే తెలిసేదేమీ లేదు, చేతికి నొప్పి తప్ప. ఇగ్రా రిపోర్టు, ఎక్స్‌రే, 12 వారాల మందులు పూర్తయినట్టు డాక్టరు రాసిచ్చిన కాగితం ఒక ఫైల్లో పెట్టి మేనకోడలికి ఇచ్చాను. సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పింది. కొత్తగా మారిన ఆసుపత్రిలో మళ్ళీ మాంటూ వేస్తామన్నారట. చెయ్యి చాపకుండా ఆ ఫైలు తీసి ఇచ్చిందట. వాళ్ళు చదివి, దగ్గూ జ్వరం ఏమైనా ఉన్నాయా అని అడిగి, ఎక్స్‌రేకి రాసి డ్యూటీలో చేర్చుకున్నారు.